ఎకోలో పంపింగ్ 55, సీటీ యాంజియోలో 47: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మా నాయనకి 62 ఏళ్లు, తోతాపురి తోట చూసుకుంటాడు. బీపీకి మాత్ర వేసుకుంటాడు, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. కొన్ని నెలలుగా గట్టు ఎక్కితే ఎదలో బరువుగా ఉంటుంది, కాసేపు నిలబడితే తగ్గిపోతుంది అంటున్నాడు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్) తీసి పంపింగ్ 55 శాతం, బాగుంది అన్నారు. వారం తర్వాత సీటీ కరోనరీ యాంజియో తీశారు. ఎల్‌ఏడీ అనే రక్తనాళంలో 40 శాతం బ్లాకు ఉంది, స్టెంటు అవసరం లేదు, మందులు చాలన్నారు. కానీ రిపోర్టు చివర్లో పంపింగ్ 47 శాతం అని ఉంది. వారంలోనే ఎనిమిది తగ్గిపోయిందా అని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అమ్మ సరిగా అన్నం కూడా తినడం లేదు. బెంగళూరులో ఉండే మా అన్న వేలూరుకు తీసుకెళ్లి ఇంకోసారి సీటీ తీయిద్దాం అంటాడు. పక్కింటి మామకు కూడా ఇదే టెస్టు చేశారు, ఆయన రిపోర్టులో పంపింగ్ నంబరే లేదు. మాకు వేరే టెస్టు చేశారా? ఇంకొకటి, నాయన తిరుమలకు నడిచి ఎక్కుతానని మొక్కుకున్నాడు. ఎక్కొచ్చా?

జవాబు: అమ్మా, చివర అడిగినదానికి ముందు చెప్తాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, అది ఆగదు. ఇప్పుడు ఎక్కకూడదు.

పంపింగ్ 47 వచ్చిందని కాదు నేను వద్దంటున్నది. 55 మాత్రమే వచ్చి ఉన్నా వద్దనే చెప్పేవాణ్ని. ఎత్తు ఎక్కినప్పుడు ఎదలో బరువు రావడం, నిలబడగానే తగ్గడం అనేది గుండె కండరానికి అవసరమైనంత రక్తం అందనప్పుడు వచ్చే లక్షణం కావచ్చు. ఆ అనుమానం తీరేదాకా 3,550 మెట్లు మంచిది కాదు. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఏకధాటిగా ఎక్కుడే. ఆ తర్వాత కాస్త చదునుగా ఉండి ఊపిరి తీసుకోనిస్తుంది, అలసిపోయిన కాళ్లకు మళ్లీ మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. శ్రీవారి మెట్టు తక్కువ మెట్లే కదా అంటారు కొందరు. 2,388 మెట్లే, నిజమే, కానీ తక్కువ దూరంలో అంత ఎత్తు ఎక్కడమంటే గుండెకు శ్రమ తగ్గినట్టు కాదు. 60 దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె జబ్బులు ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీయే 2024లో సూచించింది. నాయన గారిని బస్సులో పంపండి. మొక్కు సంగతి స్వామికి ఆయనకి మధ్య ఉన్న లెక్క, డాక్టరు పరీక్షలయ్యేదాకా వాయిదా వేసుకుంటే స్వామి ఏమీ అనుకోడు.

ఇప్పుడు నంబర్ల సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే మీ ఇంట్లో ఒక పొరపాటు అర్థం పాతుకుపోయిందని తెలుస్తోంది. పంపింగ్ 55 శాతం అంటే గుండె 55 శాతమే పనిచేస్తోంది, 45 శాతం పాడయింది అనుకుంటున్నారు కదూ? అలా కాదు. గుండె ఎడమ కింది గదిలో రక్తం నిండుతుంది, గుండె ముడుచుకున్నప్పుడు అందులో కొంత బయటికి పోతుంది, కొంత లోపలే మిగులుతుంది. నిండినదాంట్లో ఎంత భాగం బయటికి పోయిందో చెప్పేదే ఈ శాతం. నూటికి నూరు ఎవరికీ ఉండదు. ఎకోలో మగవాళ్లకు 52 నుంచి 72 దాకా మామూలే. అంటే 55 అనేది చక్కటి నంబరు. 47 కొంచెం తక్కువ, అంతే. ఎర్రగా గీత గీసి పెట్టుకునేంత ప్రమాదం కాదు.

మీరు రిపోర్టు ఫోటో పంపారు కాబట్టి అందులోని అంకెలతోనే చెప్తాను. గది పూర్తిగా నిండినప్పుడు 120 మిల్లీలీటర్లు, పూర్తిగా ముడుచుకున్నప్పుడు మిగిలింది 64 అని ఉంది. బయటికి పోయింది 56. దాన్ని 120తో భాగిస్తే 47 శాతం. ఇప్పుడు మిగిలింది 64 కాక 54 అనుకోండి, బయటికి పోయింది 66 అవుతుంది, శాతం 55 అవుతుంది. మీ ఇంట్లో అన్నం మానేసేలా చేసిన తేడా అంతా కలిపి పది మిల్లీలీటర్లు, రెండు టీస్పూన్లు! ముడుచుకున్న గది అంచును కంప్యూటర్ మీద చుట్టూ కాస్త బయటికి గీస్తే చాలు, ఆ పది వచ్చేస్తాయి.

అలా ఎందుకు వస్తుందో తెలియాలంటే సీటీ యాంజియో అసలు దేనికోసం పుట్టిందో గుర్తుపెట్టుకోవాలి. అది రక్తనాళాలు చూడటానికి చేసే టెస్టు. మన చిత్తూరు జిల్లాలో బోరు లేని రైతు ఉండడు కాబట్టి ఇది మీకు చెప్పక్కర్లేదు: పైపులైను బాగుందా లేదా చూడటం వేరు, మోటారు ఎంత నీళ్లు తోస్తోందో చూడటం వేరు. పైపులు బాగుండి మోటారు అలిసిపోయిన గుండెలూ ఉన్నాయి, మూడు పైపులూ పూడుకుపోయి మోటారు 60 శాతంతో చక్కగా తిరుగుతున్న గుండెలూ ఉన్నాయి. రెండోరకం వాళ్లే ఎక్కువ మోసపోతారు. ఎకో బాగుంది కాబట్టి నాకేం లేదు అని తిరుగుతారు.

గుండె రక్తనాళాలు సన్నటివి, పైగా గుండెతోపాటే కదులుతూ ఉంటాయి. అందుకని గుండె దాదాపు నిశ్చలంగా ఉండే క్షణం చూసి సీటీ తీయాలి. గుండె ముడుచుకుని, వదులై, మళ్లీ ముడుచుకోబోయే ముందు అలాంటి చిన్న వ్యవధి ఉంటుంది. ఈసీజీ తీగలు పెట్టి మిషన్ ఆ క్షణాన్ని పసిగడుతుంది. ఆ కాసేపే ఎక్స్‌రే వదిలి ఆపేస్తుంది. దీన్ని ప్రాస్పెక్టివ్ పద్ధతి అంటారు. రేడియేషన్ తక్కువ, చాలామందికి ఇదే సరిపోతుంది. కానీ ఇందులో గుండె ముడుచుకున్న క్షణం రికార్డే కాదు. నిండినప్పటి కొలత ఉంటుంది, మిగిలినదాని కొలత ఉండదు. ఇక శాతం ఎలా లెక్కకడతారు? మీ పక్కింటి మామ రిపోర్టులో పంపింగ్ లేకపోవడానికి కారణం చాలావరకు ఇదే అయివుంటుంది. ఆయన టెస్టు తక్కువ రకం కాదు. నిజం చెప్పాలంటే, బ్లాకులు మాత్రమే చూడాలనుకున్నప్పుడు అదే సరైన పద్ధతి.

రెండోది రెట్రోస్పెక్టివ్ పద్ధతి. గుండె ఒక కొట్టుకోవడం మొత్తం, మొదలు నుంచి చివరిదాకా, ఎక్స్‌రే వదులుతూనే తీస్తారు. తర్వాత కంప్యూటర్‌లో ఆ కొట్టుకోవడాన్ని పదిపది శాతంగానో ఐదైదు శాతంగానో విడగొట్టి, బాగా నిండిన దశ ఒకటి, బాగా ముడుచుకున్న దశ ఒకటి ఎంచుకుని లెక్క తీస్తారు. మీ నాయన గారికి చేసింది ఇదే అయ్యుండాలి. నాడి సరిగా లేకపోయినా, వేగంగా కొట్టుకుంటున్నా ఈ పద్ధతి ఎంచుకుంటారు, అందులో మోసం ఏమీ లేదు. కాకపోతే రేడియేషన్ ఎక్కువ. మొదటి పద్ధతిలో సుమారు 1 నుంచి 5 మిల్లీసీవర్టులు అయితే, ఇందులో జాగ్రత్తలు తీసుకోకపోతే 10 దాటొచ్చు. మనం ఏ టెస్టూ చేయించుకోకుండా భూమ్మీద తిరుగుతున్నందుకే ఏడాదికి సగటున రెండున్నర దాకా అందుతుంది. 62 ఏళ్ల మనిషికి ఒక్కసారికి భయపడాల్సిన మోతాదు కాదు, కానీ ఒక నంబరు మీద అనుమానంతో రెండోసారి తీయించుకునేంత చౌకా కాదు.

అందుకే పంపింగ్ ఒక్కటే తెలుసుకోవడానికి మామూలుగా ఏ కార్డియాలజిస్టూ సీటీ రాయడు. బ్లాకుల కోసం ఎలాగూ తీస్తున్నాం, దాంతోపాటు ఈ లెక్కా వస్తే తీసుకుంటాం.

ఇక మీ నాయన గారి విషయంలో సీటీ తక్కువ చూపించడానికి ఉండగల కారణాలు. మొదటిది, స్కాన్‌కి ముందు ఆయనకి ఒక మాత్ర ఇచ్చి కాసేపు కూర్చోబెట్టారా? చాలామందికి మెటోప్రొలాల్ ఇస్తారు, నాడి 60 దగ్గరికి తేవడానికి. గుండె నిదానిస్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది. కానీ ఆ మాత్ర నాడితోపాటు గుండె ముడుచుకునే బలాన్నీ ఆ పూటకి కాస్త తగ్గిస్తుంది. నాళాలు వెడల్పవడానికి స్కాన్‌కి ముందు నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ కూడా ఉంటుంది, అది గుండెలోకి వచ్చే రక్తం లెక్కనే మారుస్తుంది. వీటి ప్రభావంలో కొలిచిన గుండెని, వారం ముందు ఈ మందులు లేకుండా ఎకోలో కొలిచిన గుండెతో పోల్చి తగ్గిపోయిందనడం న్యాయం కాదు.

రెండో కారణం మిషన్‌లో ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. నాడి 60 ఉంటే ఒక్కో కొట్టుకోవడానికి ఒక సెకను. అందులో గుండె పూర్తిగా ముడుచుకుని ఉండే క్షణం చాలా చిన్నది. ఎక్స్‌రే గొట్టం ఒకటే ఉన్న మామూలు 64 స్లైసుల సీటీకి ఒక్కో బొమ్మ తీయడానికి సుమారు 165 మిల్లీసెకన్లు పడుతుంది. అంత సేపట్లో గది ముడుచుకునే ముందరి స్థితి, వదులయ్యేటప్పటి స్థితి కూడా అదే బొమ్మలో కలిసిపోతాయి. గది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. మిగిలిన రక్తం ఎక్కువ అనిపిస్తుంది, శాతం తగ్గుతుంది. రెండు గొట్టాలుండే డ్యూయల్ సోర్స్ మిషన్లలో ఈ సమయం 66 నుంచి 83 మిల్లీసెకన్లకు తగ్గింది, కాబట్టి తప్పూ తగ్గింది. గుండె ఎంఆర్‌ఐలో ఇంకా తక్కువ, 30 నుంచి 50.

ఇంకా ఉంది. రేడియేషన్ తగ్గించడానికి రెట్రోస్పెక్టివ్‌లో కూడా, రక్తనాళాలు చూసే దశలో తప్ప మిగతా దశల్లో ఎక్స్‌రే మోతాదు తగ్గించేస్తారు. మంచి పనే. కానీ పంపింగ్ లెక్కకు కావాల్సిన ముడుచుకున్న దశ బొమ్మ అప్పుడు ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. అందులో కంప్యూటర్ తనంతట తానే గీసిన అంచుని ఎవరైనా కూర్చుని సరిదిద్దారా, వచ్చినదాన్ని వచ్చినట్టే రిపోర్టులోకి దించేశారా? సాయంత్రం ఆరుగంటలకు ముప్పై రిపోర్టులు ఇవ్వాల్సిన స్కానింగ్ సెంటర్లలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఎకో అంతా నిజం, సీటీ అంతా అబద్ధం అని మాత్రం అనుకోకండి. నిజానికి గది ఎంత పెద్దదో కొలవడంలో ఎకో కంటే సీటీయే మెరుగు, ఎంఆర్‌ఐకి దగ్గరగా ఉంటుంది. ఎకోలో ఎద మీద పెట్టే పరికరం (ప్రోబు) కాస్త పక్కకి వంగినా గది చివర తెగిపోయి కురచగా కనిపిస్తుంది. లావుపాటి మనుషులకు, బీడీ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లకు ఎకో బొమ్మే సరిగా రాదు. అదీకాక మనదగ్గర ఎకోలో 55, 60 అని రాసేవాటిలో చాలావరకు కంటిచూపు అంచనాలే, కొలిచి రాసినవి కావు. అనుభవం ఉన్న కన్ను బాగానే చెప్తుంది, కానీ ఒకే మనిషికి ఇద్దరు ఎకో తీస్తే 5 నుంచి 10 దాకా తేడా రావడం మాకు రోజూ కనిపించేదే. మీ ఎనిమిది ఆ తేడాలోనే ఇమిడిపోతుంది.

అయితే 47 నిజమే అయితే? ఇది మీరు అడగలేదు, కానీ మీ నాయన గారికి వైద్యం చేస్తున్న డాక్టరు తనని తాను అడగాల్సిన ప్రశ్న. ఎల్‌ఏడీలో 40 శాతం బ్లాకు పంపింగ్‌ని తగ్గించదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ నాళంలో రక్తం నిక్షేపంగా పోతుంది. కాబట్టి నిజంగా 47 ఉంటే దానికి కారణం ఆ బ్లాకు కాదు, ఇంకోచోట వెతకాలి. ఏళ్లతరబడి అదుపులో లేని బీపీ, మందు అలవాటు, థైరాయిడ్, ఎప్పుడో వైరల్ జ్వరంతోపాటు గుండె కండరానికి వచ్చి పోయిన వాపు, నాడి మధ్యమధ్యలో తప్పి ఎక్కువసార్లు అదనంగా కొట్టుకోవడం, ఇవన్నీ చేయగలవు. గ్యాస్ అనుకుని గడిపేసిన పాత హార్ట్ ఎటాక్ కూడా ఉండొచ్చు. ఇక్కడే సీటీ మనకు అసలు పనికొస్తుంది. పాత ఎటాక్ వచ్చిన చోట గుండె గోడ పలచబడి ఉంటుంది, ఒక్కోసారి అక్కడ కొవ్వు చేరి నల్లటి గీతలా కనిపిస్తుంది, గది చివర గడ్డకట్టిన రక్తం ఉంటే అదీ కనిపిస్తుంది. వీటికి పంపింగ్ లెక్కలు అక్కర్లేదు, పక్కింటి మామకు చేసిన పద్ధతిలో కూడా కనిపిస్తాయి. మీ రిపోర్టులో గోడ మందం అంతటా మామూలుగా ఉందని రాశారు. నాకు 47 అనే అంకె కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

ఇంకో మాట. ఈ నంబరు మీద పెద్ద నిర్ణయాలు ఆధారపడేది ఇంకా కిందికి పోయినప్పుడు. గుండె వైఫల్యం లక్షణాలతో 40, అంతకు తక్కువ ఉంటే నాలుగు రకాల మందులు కలిపి మొదలుపెడతాం. 35, అంతకు తక్కువకు పడి, మందులు వాడినా లేవకపోతే, హఠాత్తుగా గుండె ఆగకుండా ఐసీడీ అనే పరికరం పెట్టాలా అని ఆలోచిస్తాం. అలాంటి గీత మీద ఉన్న మనిషికి నాలుగు శాతం తేడా కూడా పెద్ద విషయమే, అప్పుడు ఎంఆర్‌ఐ చేసైనా తేల్చుకుంటాం. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం లాంటివి లేని మీ నాయన గారికి 55 అయినా 47 అయినా ఇవాళ రాసే మందుల చీటీలో పెద్దగా మారేది లేదు. బ్లాకు పెరగకుండా కొలెస్టరాల్ మాత్ర, బీపీ అదుపు, షుగర్ మీద కన్ను. ఆయన బీడీ తాగుతాడో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే అది ఆపడం ఈ రెండు టెస్టులకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మీ అన్న గారు వేలూరులో చేతి నుంచి వైరు పంపి చేసే మామూలు యాంజియోగ్రామ్ గురించి కూడా వింటారు కాబట్టి చెప్తున్నాను. అందులో కూడా పంపింగ్ చూడొచ్చు. పిగ్‌టెయిల్ అనే వంపు తిరిగిన గొట్టాన్ని నేరుగా ఎడమ గదిలోకి పంపి, 30, 40 మిల్లీలీటర్ల డై (ఎక్స్‌రేలో కనిపించే మందు) ఒక్కసారిగా వదిలి, గది ఎలా ముడుచుకుంటుందో వీడియో తీస్తారు. ఎకో రాకముందు పంపింగ్ అంటే ఇదే. ఎకో చేతిలో ఉన్నాక చాలామందిమి మానేశాం, ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ అదనపు డై దండగ. అప్పుడప్పుడు మాత్రం ఇది కళ్లు తెరిపిస్తుంది. ఎవరో పోయిన దుఃఖంలో గుండెనొప్పితో వచ్చిన పెద్దావిడకు నాళాలన్నీ శుభ్రంగా ఉండి, గది చివర మాత్రం బుడగలా ఉబ్బి కదలకపోతే, అది టకొట్సుబో, అంటే తీవ్ర దుఃఖంలాంటి వాటితో గుండె కొన్నాళ్లు నీరసించే జబ్బు అని ఆ వీడియోలోనే తెలిసిపోతుంది. జపాన్ డాక్టర్లు 1990లో ఆ జబ్బుకి ఆక్టోపస్‌ని పట్టే కుండ పేరు పెట్టింది కూడా ఆ ఆకారం చూసే. మీ నాయన గారికి ఇప్పుడు ఆ అవసరం లేదు.

మరి ఏం చేయాలి అంటే, మళ్లీ సీటీ వద్దు. మరోసారి డై, మరోసారి రేడియేషన్, మళ్లీ అదే మాత్ర వేసి కొలిస్తే మళ్లీ అలాంటి నంబరే రావచ్చు, అప్పుడు మీ టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఎకో మళ్లీ తీయించండి, కానీ అంచనా కాకుండా గది అంచులు గీసి లెక్కకట్టే సింప్సన్ పద్ధతిలో కొలిచి రాయమని అడగండి, గోడలన్నీ సమానంగా కదులుతున్నాయా అనేది కూడా రాయమనండి. బొమ్మ స్పష్టంగా రాక ఇంకా అనుమానం మిగిలితే, లేదా నంబరు ఇంకా తక్కువ వస్తే, అప్పుడు గుండె ఎంఆర్‌ఐ. పంపింగ్ కొలవడంలో దానిదే ఆఖరి మాట, రేడియేషన్ ఉండదు. అరగంట నుంచి గంట దాకా గొట్టంలో పడుకుని, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి, అది ఓపిక ఉన్నవాళ్లకే.

దానికంటే ముందు చేయాల్సింది ఎదలో బరువు సంగతి తేల్చడం. పంపింగ్ నంబరు గొడవలో పడి అందరూ అది మర్చిపోయారని నా భయం. 40 శాతం బ్లాకు నిజంగా నొప్పి తెప్పిస్తోందా, కాల్షియం ఎక్కువుండి సీటీ బ్లాకుని తప్పుగా అంచనా వేసిందా, లేక కంటికి కనిపించని సన్నటి నాళాల్లో ఇబ్బంది ఉందా అనేది విశ్రాంతిగా పడుకోబెట్టి తీసే ఏ టెస్టూ చెప్పదు. గుండెకు శ్రమ పెట్టి చూడాలి. ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ చూసే టీఎంటీ కానీ, శ్రమ పెట్టిన వెంటనే ఎకో తీసే స్ట్రెస్ ఎకో కానీ మీ డాక్టరుతో మాట్లాడి చేయించండి. రెండోదైతే శ్రమలో పంపింగ్ పెరుగుతోందా, ఏదైనా గోడ వెనకబడుతోందా కూడా కనిపిస్తుంది, మీ రెండు అనుమానాలూ ఒకేసారి తీరతాయి. ఈలోగా కూర్చున్నప్పుడు కూడా బరువు వచ్చినా, పది నిమిషాలకు తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా ఏ టెస్టుకీ ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

వేలూరే వెళ్లాలనుకుంటే వెళ్లండి, చిత్తూరు దాటితే గంట ప్రయాణం, రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికైనా వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. స్కానింగ్ సెంటర్‌లో సీటీ బొమ్మలున్న సీడీ అడిగి తీసుకోండి, అన్ని దశల బొమ్మలూ అందులో ఉన్నాయా అని అడగండి. చాలాసార్లు రక్తనాళాల బొమ్మలు మాత్రమే రాసి ఇచ్చేస్తారు. అన్నీ ఉంటే అక్కడి డాక్టరు కొత్తగా స్కాన్ చేయకుండానే అంచులు తిరిగి గీసి 47 ఎంతవరకు నిజమో చెప్పగలరు. స్కాన్ రోజున ఏ మాత్ర ఇచ్చారో, అప్పుడు నాడి ఎంత ఉందో కూడా రాయించుకోండి. సెంటర్ వాళ్లు పాత స్కాన్లు ఎక్కువ కాలం ఉంచరు, ఈ వారంలోనే వెళ్లి అడగండి.